ముగ్గు గీతల ఇల్లు

ఉదయశ్రీ తన సొంత వంటగదిలో మొదటిసారి నిలబడిన రోజునే వెనకింటివాళ్ళతో గొడవ పెట్టుకుంది.

ఆ వంటగదికి అప్పటికి గోడలు లేవు, కప్పు లేదు, పొయ్యి అంతకన్నా లేదు. ఖాజాగూడలో వాళ్ళ ఇంటి వెనక పెరట్లో, రమేష్ మేస్త్రి తాళ్ళు కట్టి, వాటి వెంట తెల్లగా పోసిన ముగ్గు మాత్రం ఉంది. పునాది తవ్వే ముందు గదులన్నీ అలా నేలమీద గీసి చూపించడం మేస్త్రీల పద్ధతి. ఆ గీతల మధ్య నిలబడి, స్టవ్ ఇక్కడ, సింకు అక్కడ అనుకుంటూ ఆమె గాల్లో చేతులు తిప్పుతుంటే సరిహద్దు మీదే ఉన్న వెనకింటి గోడ కిటికీలోంచి ఒక మగ గొంతు వినిపించింది.

“ఏమండీ, ఈ గోడ సీదా మా అమ్మ కిటికీ ముంగటికే వస్తది కదా?”

ఉదయశ్రీ ఈ మాట కోసమే కాచుకుని ఉంది. ఇల్లు కడుతున్నామంటే చుట్టుపక్కలవాళ్ళు ఏదో ఒకటి అంటారనీ, అప్పుడు ఇలా చెప్పాలనీ వాళ్ళ నాన్న ముందే పాఠం చెప్పి ఉంచాడు. ఆమె నడుం మీద చెయ్యి వేసుకుని కిటికీ వైపు తిరిగింది.

“వెనక మీటరు వదిలామండి. ఈ సైజు స్థలానికి వదలాల్సింది అంతే. ప్లాన్ కూడా పాసైంది. అసలు సరిహద్దు గోడలో పక్కవాళ్ళ స్థలంలోకి కిటికీ పెట్టుకోవడమే రూల్స్‌కి విరుద్ధం. కావాలంటే మా నాన్నగారిని అడగండి, ఏ జీవోలో ఏ పేజీయో కూడా చెప్తారు.”

కిటికీ చాలా నెమ్మదిగా అంది.

“తెలుసండి. మా తాత ఈ గోడ కట్టినప్పుడు ఈడ రూల్సూ లేవు, ఇండ్లూ లేవు. నేను ఆపమంటలేను. ఆ గోడకు జర తెల్లరంగు వేయిస్తరా అని అడుగుదామనుకున్న. ఎండ దానికి తగిలి కొంచెం వెలుగన్న మా అమ్మ మీద పడ్తదని.”

తెల్లరంగు గురించి నాన్న చెప్పిన పాఠంలో ఏమీ లేదు. ఉదయశ్రీ తలూపి, సింకు ఉండాల్సిన చోటు తొక్కుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. ఆ పూటంతా ఆమెకి అన్నం సయించలేదు.

నాన్న పేరు రామ్మోహనరావు. బాపట్ల నుంచి ఉద్యోగం మీద వచ్చి, నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా రిటైరయ్యాడు. ఖాజాగూడలో బండలూ చెరువూ తప్ప ఇంకేం లేని కాలంలో, పిచ్చివాడంటారని కూడా చూడకుండా అక్కడ స్థలం కొని ముందువైపు ఇల్లు కట్టుకున్నాడు. ఇప్పుడు ఆ బండల వెనక అద్దాల ఆఫీసులు లేచాయి. కూతురు రాయదుర్గంలో అలాంటి ఒక అద్దాల ఆఫీసులోనే పనిచేస్తుంది. వారంలో సగం రోజులు ఇంటి నుంచే పని.

ఉదయశ్రీకి తనదంటూ ఒక ఇల్లు కావాలి. తాళం తన దగ్గరే ఉండాలి, కిటికీకి ఏ రంగు కర్టెన్ వెయ్యాలో తనే తేల్చుకోవాలి. ఊళ్ళో ఇల్లుండగా పెళ్ళికాని పిల్ల కిరాయికి ఉండటమేమిటని అమ్మ రత్నమాల ఒకటే గోల. చాన్నాళ్ళ వాదన తర్వాత సంధి కుదిరింది. ఇల్లు వేరే, కానీ పెరట్లోనే. ఒక హాలు, ఒక వంటగది, ఒక స్నానాలగది, సపోటా చెట్టు వైపు చిన్న వరండా. ఆమె మనసంతా ఆ వరండా మీదే ఉంది. ఖర్చు పూర్తిగా తన జీతంలోంచే.

ఖర్చు సంగతి తెలిశాక కలకి కాస్త జ్వరం తగిలింది. చదరపు అడుగుకి రెండు వేల పైమాటేనని రమేష్ అన్నాడు. దానిమీద ప్లాన్ ఫీజు, కార్మికుల సెస్సు, ఇంకుడు గుంత, కొత్త డ్రైనేజీ పైపు. ఇవన్నీ ఎందుకండీ, ముందు కట్టేసుకోండి, ఎవరైనా వస్తే అప్పుడు చూసుకోవచ్చు అని కాలనీలో ప్రతివాళ్ళూ సలహా ఇచ్చారు. రామ్మోహనరావు అలాంటి సలహా ఇచ్చినవాళ్ళకి కాఫీ కూడా ఇవ్వలేదు. పాత ఇంటి కొలతలూ, వదిలిన జాగా, చెరువు హద్దు నుంచి ఎంత దూరమో అన్నీ టేపు పట్టి కొలిచి, ఆన్‌లైన్‌లో పెట్టి, అనుమతి తెచ్చాడు. వాయవ్యం మూల కట్టుకోవచ్చని రత్నమాల వాస్తు అనుమతి తెచ్చింది. ఇంత జరిగాక ముగ్గు పడింది.

సరిగ్గా పునాది తవ్వాల్సిన రోజున వాన పట్టుకుంది.

వానల్ల పునాది తీస్తే అది బావి అయితది మేడం, జర ఆగుండ్రి అని చెప్పి రమేష్ బాలానగర్‌లో ఏదో షెడ్డు పనికి పోయాడు. ముగ్గు కరిగి పెరడంతా పాలు ఒలికినట్టయింది. ఉదయశ్రీ కాసేపు దిగులుగా చూసింది. తర్వాత మేస్త్రి వదిలేసిన ముగ్గు బస్తా విప్పి, మేకుల ఆనవాళ్ళు పట్టుకుని, ఇల్లంతా మళ్ళీ తనే గీసుకుంది. మళ్ళీ వాన వచ్చింది. మళ్ళీ గీసింది.

వాకిట్లో ముగ్గెయ్యమంటే మంచం దిగని పిల్ల పెరట్లో ఏకంగా ఇల్లే ముగ్గేస్తోందని రత్నమాల వంటింట్లోంచి దెప్పింది. ఉదయశ్రీ పట్టించుకోలేదు. రెండు నీలం ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి హాల్లో వేసింది. ఒకటి కూర్చోడానికి, రెండోది కాళ్ళు చాపుకోడానికి. పొద్దున్నే లాప్‌టాప్‌తో అందులో కూర్చుంటే చెరువు మీది గాలి గోడల్లేని గోడల్లోంచి నేరుగా వచ్చేది. ఆఫీసు కాల్‌లో ఎవరైనా ఎక్కడున్నావని అడిగితే, మా ఇంట్లో అని చెప్పడం ఆమెకి ఎంత ఇష్టంగా ఉండేదో.

అలాంటి ఒక పొద్దున బండ మీద ఎవరో నిలబడ్డారు.

ఆ బండ గురించి చెప్పాలి. పెరట్లో నైరుతి మూల ఏనుగంత బండ ఒకటుంది. దాన్ని పగలగొట్టలేక రెండిళ్ళవాళ్ళూ ప్రహరీని దాని దాకా తెచ్చి ఆపేశారు. కాబట్టి బండ సగం వీళ్ళది, సగం వాళ్ళది. దానిమీద పొడుగ్గా, సన్నగా, గళ్ళచొక్కా వేసుకుని నిలబడినవాడు కిటికీలోని గొంతుకి సొంతదారుడు. పేరు ఇమ్మాన్యుయేల్. చేతిలో పెయింట్ల షేడ్ కార్డు ఉంది.

“తెల్లల్ల గూడ పదహారు తెల్లలున్నయండి. ఏ తెల్లో మీరే చెప్పాలె.”

ఉదయశ్రీకి నవ్వొచ్చింది, ఆపుకుంది. రండి, చూద్దాం అంది. అతను బండ దిగి వచ్చి, హాలు గీత దగ్గర టక్కున ఆగిపోయాడు. కుర్చీ అతనికి చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో ఉంది. అతను మాత్రం అటూ ఇటూ చూశాడు.

“తలుపు ఎటుందండి?”

ఆమె చేత్తో చూపించింది. అతను వంటగది పక్కనుంచి, స్నానాలగది చుట్టూ తిరిగి, ముగ్గులో ఖాళీ వదిలిన చోటికి వచ్చాడు. చెప్పులు బయట విడిచాడు. లేని ద్వారబంధం నెత్తికి తగలకుండా కాస్త తల వంచి లోపలికి అడుగుపెట్టాడు.

అదిగో, ఆ తల వంచడం దగ్గరే ఉదయశ్రీ మనసు పారేసుకుంది. ఈ ఇల్లు ఉందని ఇంతవరకు తనొక్కతే నమ్మింది. ఇప్పుడు ఇంకో మనిషి నమ్మాడు. ఆమె కాళ్ళు చాపుకునే కుర్చీ తుడిచి అతనికి వేసింది. ఆ తర్వాత ఆ కుర్చీ మీద ఆమె మళ్ళీ కాళ్ళు పెట్టలేదు.

ఇమ్మాన్యుయేల్‌ది హైటెక్ సిటీలో మ్యాపులు తయారుచేసే కంపెనీలో పని. పైనుంచి డ్రోన్లు తీసిన ఫోటోలు స్క్రీన్ మీద పెట్టుకుని, అందులో కనిపించే ప్రతి ఇంటి చుట్టూ గీత గీయాలి. ఆ మ్యాపులు మునిసిపల్ ఆఫీసుకి వెళ్తాయి. మధ్యాహ్నం షిఫ్టు కాబట్టి పొద్దున్న ఖాళీ. ఇట్ల ఎన్ని ఇండ్లు గీసిన్నో లెక్కలేదు, ఒక్క ఇంట్లకు గూడ పోలేదు అన్నాడు. అది చెప్పినప్పుడు అతని మొహంలో ఫిర్యాదేమీ లేదు.

పైనుంచి చూస్తే ఇల్లేదో, ఉత్త కాంక్రీటు గచ్చేదో ఎలా తెలుస్తుందని ఆమె అడిగింది.

“నీడను పట్టి. గోడ లేస్తే పక్కన నీడ పడ్తది. నీడ లేకుంటే అది ఇల్లు కాదు, గీయొద్దు. మా ఆఫీసుల మొదటి రూల్ గదే.”

“అయితే నా ఇల్లు మీ మ్యాపులోకి ఎప్పుడెక్కుతుంది?”

అతను వెనక్కి తిరిగి కిటికీ వైపు చూశాడు. నీడ పడ్డంక అన్నాడు. ఎందుకో ఆ తర్వాత ఆమె ఇచ్చిన టీ చల్లారేదాకా మాట్లాడలేదు. ఉదయశ్రీ అప్పుడు ఆ కప్పు పట్టుకున్న వేళ్ళని చూసే పనిలో ఉంది. అతని మౌనానికి అర్థం వెతకడం ఆమెకి తోచలేదు.

ఆ ఆషాఢం ఎలా గడిచిందో అడిగితే ఉదయశ్రీ ఇప్పటికీ సరిగా చెప్పలేదు. వాన వచ్చి ఇల్లు చెరిగిపోయేది. ఎండ రాగానే ఇద్దరూ కలిసి గీసేవాళ్ళు. ఆమె తాడు పట్టుకుంటే అతను ముగ్గు వదిలేవాడు. రోజంతా గీతలు గీసే చెయ్యి కదా, మేస్త్రి ముగ్గు కన్నా తిన్నగా వచ్చేది. ఒకరోజు టీ తాగుతుంటే చినుకులు మొదలయ్యాయి. ఆమె లాప్‌టాప్ మూసి లేవబోతే అతను కదల్లేదు.

“ఇంట్ల కూసున్నం కదండీ. తడువం.”

ఆమె మళ్ళీ కూర్చుంది. చినుకులు కప్పుల్లో పడుతుంటే, టీ పలచబడుతుంటే, ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మర్యాదగా కబుర్లు చెప్పుకున్నారు. అతని కళ్ళద్దాల మీంచి నీళ్ళు కారుతున్నాయి. వాటి వెనక కళ్ళు నవ్వుతున్నాయి. ఈ మనిషి దగ్గర ఎంతసేపు తడిసినా జలుబు చెయ్యదని ఆమెకి గట్టి నమ్మకం కలిగింది. మర్నాడు ఇద్దరికీ జలుబు చేసింది, అది వేరే సంగతి.

కిటికీలో ఎప్పుడూ ఒక తెల్లజుట్టు తల ఉండేది. ఇమ్మాన్యుయేల్ తల్లి లీదియా. సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరయింది. తుంటి ఆపరేషన్ అయినప్పటి నుంచి ఎక్కువ నడవలేక ఆ కిటికీ దగ్గరే కూర్చుంటుంది. ఆమెకి ప్రపంచమంటే ఆ కిటికీలోంచి కనిపించే సపోటా చెట్టు, ఉడతలు, ఈమధ్య ఈ ముగ్గు ఇల్లు.

“ఉదయా, ఇయ్యాల మీ ఇంట్ల టిఫినేంది బిడ్డా?”

“ఉప్మా ఆంటీ.”

“మళ్ళ ఉప్మానేనా? ఇగ ఆ వంటగది ఎందుకు కట్టిస్తున్నవ్, పైసల్ దండగ.”

రత్నమాల కూడా అప్పుడప్పుడు గోడ దగ్గరికి వచ్చి, సిస్టరుగారూ అని పిలిచి గోంగూర పచ్చడి అందించేది. నర్సమ్మ కాబట్టి కాలనీ అంతా ఆమెని సిస్టరుగారనే పిలుస్తారు. పచ్చడి ఇచ్చి వస్తూ రత్నమాల నీలం కుర్చీలకేసి ఒక చూపు చూసేది. ఏమీ అనేది కాదు. ఆమె ఏమీ అనకపోవడమే ఉదయశ్రీకి భయంగా ఉండేది.

వానలు తెరిపిచ్చాయి. రమేష్ సోమవారం వస్తానని ఫోన్ చేశాడు. అతనికంటే ముందు మునిసిపల్ ఆఫీసు మనిషి వచ్చాడు.

చేతిలో ట్యాబ్ పట్టుకుని వాకిట్లో నిలబడి అతను చెప్పింది ఇది. పని మొదలుపెట్టేముందు ఆఫీసుకి నోటీసు ఇవ్వాలి. వీళ్ళ నోటీసు అందలేదు. కొత్తగా వచ్చిన మ్యాపులో మాత్రం పెరట్లో ఇల్లు పూర్తయినట్టు కనిపిస్తోంది. నోటీసు ఇవ్వకుండా ఇల్లెలా కట్టేశారండీ అని అతని ప్రశ్న.

పెరట్లోకి తీసుకెళ్ళి చూపించారు. అతను ముగ్గు గీతల్ని చూసి, ట్యాబ్‌ని చూసి, మళ్ళీ గీతల్ని చూసి పెద్దగా నవ్వాడు. నవ్వుతూనే బూట్లతో హాలు గోడలోంచి నడిచి, వంటగది గోడలోంచి బయటికి వచ్చాడు. ఉదయశ్రీకి ఒళ్ళు మండిపోయింది. ఆ ఇంట్లోకి తలుపులోంచి రాని మనిషి అతనొక్కడే.

అతను పొరపాటని రాసుకుని వెళ్ళిపోయాడు. రామ్మోహనరావు మాత్రం కుర్చీలో కూలబడ్డాడు. జన్మలో ఒక్క రూలు తప్పలేదు, ఎవడో గీసిన గీత వల్ల నా గుమ్మంలోకి ఇన్‌స్పెక్షనొచ్చింది అన్నాడు.

గీసిందెవరో ఆమెకి తెలుసు. నీడ లేనిదే గీయకూడదని చెప్పినవాడే గీశాడు. మొదటి రోజు కిటికీలోంచి అన్న మాటలు గుర్తొచ్చాయి. ఈ గోడ మా అమ్మ కిటికీ ముంగటికే వస్తది కదా. ఆపమంటలేను అన్నాడు కానీ, ఆపడానికి ఇలా దారి చూసుకున్నాడేమో. పైగా ఆ కిటికీ నిన్నటి నుంచి మూసి ఉంది. ఉదయశ్రీ చున్నీ నడుముకి చుట్టుకుని బండెక్కి అవతలికి దిగింది.

అవతలి వైపుకి ఆమె రావడం అదే మొదలు. వెనక తలుపు తీసే ఉంది. లోపల ఒక మంచం, గోడకి చిన్న సిలువ, కిటికీ పక్కన పాత చెక్కకుర్చీలో లీదియా. ఆమె ఉదయశ్రీని చూసి సంబరంగా చెయ్యి చాపింది, కిటికీ తియ్యమంది. దుమ్ము లేచి ఉదయశ్రీ ముగ్గు ఇంట్లోకి పోతోందని కొడుకు మూశాడట. కిటికీ తీయగానే సపోటా ఆకుల్లోంచి పొద్దుటి ఎండ గదిలోకి జారి, ముసలావిడ ఒళ్ళో, ఆమె ముడతల చేతుల మీద కూర్చుంది. ఆ గదిలో వేరే కిటికీ లేదు.

దుమ్ము ఎందుకు లేస్తోందంటే, గదిలో ఒక మూల అట్టపెట్టెలున్నాయి. సగం సామాను వాటిలోకి వెళ్ళిపోయింది.

“మా బిడ్డ బ్లెస్సీ మూసాపేటల ఉంటది గదా. ఆమె ఇంటి పక్కన ఫ్లాట్ చూసిండు ఇమ్మూ. మెట్రో ఎదురుంగనే అంట. కిటికీలు మస్తుగున్నయంట” అని లీదియా నవ్వింది. ఆమె కళ్ళు మాత్రం సపోటా చెట్టు మీదే ఉన్నాయి.

ఇమ్మాన్యుయేల్ చేతిలో టేపు చుట్టతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఉదయశ్రీ అతన్ని వసారాలోకి రమ్మంది. ఎంత కోపంగా వచ్చిందో అంత కోపంగానే అడగాలనుకుంది. అట్టపెట్టెలు చూశాక అంత కోపం మిగల్లేదు.

“నా ఇల్లు ఆపించడానికా అలా గీశారు?”

“ఆపాలంటే మొదటి రోజే ఆపేటోణ్ణి కదండీ.”

“మరెందుకు గీశారు? నీడ లేకపోతే ఇల్లు కాదని మీరే కదా అన్నది?”

అతను తల వంచుకున్నాడు. “ఖాజాగూడ ముక్క నా స్క్రీన్‌కే వచ్చింది. చూస్తుంటే ముగ్గు కనవడ్డది. వదిలెయ్యాలె, రూల్ గదే. కానీ ఆ ఇంట్ల కూసొని టీ తాగిన, ఉదయగారూ. వానొస్తే లేవకుండ కూసున్న. అసొంటి ఇంటిని లేదని ఎట్ల కొట్టేస్త? చెయ్యి దానంతటదే గీసింది. ఆఫీసుల తిట్లు పడ్డయ్, తీసేసిన. అప్పటికే మ్యాప్ బయటికి పోయింది. మీ నాన్నగారిని పరేషాన్ చేసిన, నేనే వచ్చి మాఫీ అడుగుత.”

ఫోన్ తీసి ఆ ఫోటో చూపించాడు. పైనుంచి తీసిన పెరడు. ఎర్రమట్టి మీద తెల్లగా హాలు, వంటగది, వరండా. హాల్లో రెండు నీలం చుక్కలు, వాటిలో రెండు తలలు. ఎప్పుడో ఒక తెరిపి పొద్దున తమ నెత్తిమీదుగా డ్రోన్ వెళ్ళినట్టు ఇద్దరూ గమనించలేదు. ఇంటికి నీడ లేదు. ఆ ఇద్దరికీ ఉంది. ఎండకి అవి బారుగా సాగి, కిటికీ కింద గోడ దాకా వెళ్ళి, అక్కడ ఏది ఎవరిదో తెలియకుండా కలిసిపోయాయి.

ఉదయశ్రీ ఫోన్ తిరిగి ఇచ్చేసింది.

“మూసాపేట సంగతి నాకెందుకు చెప్పలేదు?”

“మీరు కష్టపడి కట్టుకుంటున్నరు. అమ్మ కిటికీ కోసం జర జరపమని అడిగితే మీరు జరుపుతరు. నాకెరుకే. అందుకే అడగలే.”

ఆమె బండ దాటి వచ్చేసింది. ఉన్నమాట చెప్పాలంటే అక్కడ ఇంకొక్క నిమిషం నిలబడితే ఏడ్చేసేది. ఆ ఇల్లూ కావాలి, ఆ మనిషీ కావాలి. ఇల్లు లేస్తే మనిషి వెళ్ళిపోతాడు. ఇక తెల్లరంగు వేయించమని కూడా అడగడు.

ఆ సాయంత్రం ఆమె టేపు తీసుకుని బండ చుట్టూ తిరిగింది. నాన్నని పిలిచి, ఇల్లు వాయవ్యంలోంచి తీసి ఈ బండ పక్కకి జరిపితే ఏమవుతుందని అడిగింది. రామ్మోహనరావుకి రూల్సు అడిగితే ఎంత బాధలోనైనా ప్రాణం లేచొస్తుంది. ప్లాన్ మార్చి మళ్ళీ పెట్టాలి, మళ్ళీ ఫీజు. బండ పక్కన పునాదికి కాంక్రీటు ఎక్కువ పడుతుంది. అక్కడ చోటు తక్కువ, హాలూ వంటగదీ స్నానాలగదీ పడతాయి, వరండా పట్టదు. వరండాకి అనుకున్న డబ్బు కూడా ఈ అదనపు పునాది ఖర్చుకే పోతుంది. ఇన్ని చెప్పి, అసలెందుకమ్మా జరపడం అన్నాడు.

“ఆంటీ కిటికీ మూసుకుపోతుంది నాన్నా.”

“రూలు ప్రకారం మనం మీటరు వదిలాం కదా.”

“రూలు ప్రకారం వదిలింది ఆ మీటరు. మిగతాది నేను వదులుతున్నాను.”

రామ్మోహనరావు కూతురి మొహంకేసి చూశాడు. టేపు రెండో కొస వంగి పట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఉదయశ్రీ పాత గీతలన్నీ చీపురుతో చెరిపేసి, బండ పక్కన కొత్త ఇల్లు గీసింది. వరండా లేదు. వరండా ఉండాల్సిన చోట, కిటికీ ఎదురుగా, ఖాళీ నేల మీద ఎండ పరుచుకుని ఉంది. నైరుతిలో బరువు మంచిదేలే అని రత్నమాల గుమ్మంలోంచి ఒప్పేసుకుంది. రామ్మోహనరావు టేపుతో వచ్చి గీత గీతా కొలుస్తున్నాడు.

బండ మీద ఇమ్మాన్యుయేల్ కనిపించాడు. రామ్మోహనరావుకి క్షమాపణ చెప్పుకోడానికి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. కింద కొత్త ముగ్గు చూసి ఆగిపోయాడు. గదులన్నీ ఎటు జరిగాయో, ఎందుకు జరిగాయో అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు, గీతలు చదవడమే అతని పని. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. బండ దిగి, అలవాటుగా ఇంటి చుట్టూ తిరిగి తలుపు వైపు వెళ్ళబోయాడు.

“అంత తిరగక్కర్లేదు” అంది ఉదయశ్రీ. “ఇటు ఇంకో తలుపుంది. మీకోసం పెట్టాను.”

బండ వైపు గోడ గీతలో మనిషి పట్టేంత ఖాళీ ఉంది. అతను దాన్ని చూశాడు, ఆమెని చూశాడు. ముందు మాట్లాడింది టేపు.

“ఉదయా, ప్లాన్‌లో ఒకటే తలుపు కదమ్మా” అన్నాడు రామ్మోహనరావు, చుట్టిన టేపు మళ్ళీ లాగుతూ. “ఈ రెండో తలుపేమిటి? దీనికి పర్మిషనెవరిస్తారు?”

అప్పుడు రత్నమాల గుమ్మం దిగి పెరట్లోకి వచ్చింది.

“అది మునిసిపాలిటీ ఇచ్చేది కాదండీ. మనం ఇచ్చేది.” ఆమె కాసేపు ఆగింది. ఆ ఆగడంలో రెండిళ్ళ దేవుళ్ళూ, బంధువులూ, వాళ్ళేమంటారో అన్నీ ఉన్నాయి. “ఒకరోజు ఈ అబ్బాయి గొడుగు మర్చిపోయి మళ్ళీ వచ్చాడు. పెరట్లో ఎవ్వరూ లేరు. నేను వంటింట్లోంచి చూస్తున్నానని తనకి తెలీదు. గొడుగు గీత పక్కనే ఉంది, వంగి తీసుకోవచ్చు. తీసుకోలేదు. చుట్టూ తిరిగి, తలుపులోంచే లోపలికెళ్ళి తెచ్చుకున్నాడు. ఎవరూ చూడనప్పుడు కూడా మా పిల్ల ఇంటి గోడ దాటనివాడికి నేనెలా అడ్డుచెప్పను?”

రామ్మోహనరావుకి అంతా ఒక్కసారిగా అర్థమైంది. ఆయన ఇమ్మాన్యుయేల్‌ని తలనుంచి కాలిదాకా చూశాడు. నోటీసు లేకుండా మ్యాపులో ఇల్లు గీసినవాడు ఇతనేనని నిన్న కూతురు చెప్పే ఉంది. అయినా ఎవరూ లేనప్పుడు రూలు తప్పనివాడు. ఆయన లెక్కలో రెండోదే పెద్దదైనట్టుంది. జేబులోంచి పెన్సిల్ తీసి, ప్లాన్ కాగితం మీద బండ వైపు రెండో తలుపు గుర్తు పెట్టాడు.

రత్నమాల నేరుగా కిటికీ దగ్గరికి నడిచింది. లోపల లీదియా అంతా వింటూ కూర్చుని ఉంది. ఎప్పటిలాగా సిస్టరుగారూ అంటుందేమో అనుకుంటే, కొంగు సర్దుకుని, కాస్త సిగ్గుపడుతూ, కొత్త పిలుపు పిలిచింది.

“వదినగారూ, ఆ అట్టపెట్టెలు ఇక విప్పేయండి.”

మన ఇళ్ళలో పిల్లాడి తల్లీ పిల్ల తల్లీ ఒకరినొకరు వదిన అని పిలుచుకున్నారంటే, ఇక విడమరిచి చెప్పేదేమీ ఉండదు. లీదియా రెండు చేతులూ కిటికీ ఊచల్లోంచి చాపి రత్నమాల చేతులు పట్టుకుంది.

“ముహూర్తం మీరు చూసుకోండ్రి వదినా, ప్రార్థన మేం జేసుకుంటం” అంది. “కానీ ఆ రెండో దర్వాజ జర ఎత్తుల పెట్టియ్యుండ్రి. మావోడు పొడుగు.”

ఇమ్మాన్యుయేల్ చెప్పులు విడిచాడు. లేని ద్వారబంధం తగలకుండా తల వంచి, రెండో తలుపులోంచి ఉదయశ్రీ ఇంట్లోకి వచ్చాడు.